రెండుపళ్ళ విభాగంలో నా పరుగు

మొన్న నరసరావుపేటలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మాయి హారిక సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఎవరితోనో హోరాహోరీగా పోట్లాడుతోంది. పోట్లాట నోటితో కాదు, రెండు బొటనవేళ్ళతో. "అత్తా, ఒక్క నిమిషం" అని నా వంక చూడకుండానే చెప్పి మళ్ళీ ఫోనులో తల దూర్చింది. చేతిసంచీ పక్కన పెట్టి, నా మంచినీళ్ళు నేనే తెచ్చుకుని తాగి, ఎదురుగా కూర్చున్నాను. చివరికి తల ఎత్తి విషయం చెప్పింది. ఎక్కడో పెద్ద పోటీలు జరుగుతున్నాయట. దూలం మీద పల్టీలు కొట్టిన ఒక పిల్ల కిందికి దూకినప్పుడు కాలు కదిపిందా లేదా అన్నది తేలలేదట. ఎవరెవరు తేలుస్తున్నారని అడిగితే, ఒకడు బ్రెజిల్‌ వాడనీ, ఇంకొకామె ఎక్కడిదో తనకే తెలీదనీ చెప్పింది.

"ఇంతకీ కదిలిందా?" అన్నాను.

"మడమ కదిలింది అత్తా, వేళ్ళు కదల్లేదు. దానికి మార్కులు కొంచెమే కొయ్యాలి. జడ్జీలు ఎక్కువ కోశారు, దొంగసచ్చినోళ్ళు."

ఆ తిట్టు చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అదే తిట్టు, అదే సందర్భంలో, అదే కోపంతో మా తాత వీరయ్య నోట విన్నాను. ఆయన్ని హారిక చూడలేదు. ఫోటోలో కూడా ఆయన మొహం కన్నా ఆయన పక్కనున్న ఎడ్ల మొహాలే స్పష్టంగా ఉంటాయి. "మీ ముత్తాత ఉండుంటే ఆ బ్రెజిల్‌ వాడిని నీకు వదిలిపెట్టేవాడు కాదే" అన్నాను. హారిక ఫోను బోర్లా పెట్టింది. ఆ ఇంట్లో ఇంతకు మించిన మర్యాద లేదు. ఆ పూట దానికి చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మాచవరం పక్కన మా ఊరు. మా ఇంట్లో మనుషులూ ఎడ్లూ కలిసి ఉండేవాళ్ళం, కానీ ఎవరి స్థాయి వాళ్ళకుండేది. తెల్లవారుతూనే పెరట్లో రాగి కాగులో ఉలవలు ఉడికేవి. ఆ వాసన వీధి మొదటిదాకా వెళ్ళేది, దాని వెనకే పేడ వాసన, తాత చుట్ట వాసన. ఉడికిన ఉలవలు ఎడ్లకు, వంచిన కట్టుతో చారు మాకు. పత్తిగింజలు వాటికి, కోడిగుడ్లు కూడా ముందు వాటికే. మిగిలితే పిల్లలకు. ఎందుకంటే అవి మామూలు ఎడ్లు కావు, బండ లాగే పందేల ఎడ్లు. తిరునాళ్ళలో పెద్ద రాతిబండకు జతను కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. మా పల్నాట్లో ఇది ఆట కాదు, పరువు. ఏ ఎడ్లు ఏ ఎడ్లతో తలపడాలో పళ్ళు చూసి తేలుస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, అవి రాలి రెండు పెద్దపళ్ళు మొలిచిన రెండుపళ్ళవి ఒకటి, నాలుగుపళ్ళవి, ఆరుపళ్ళవి, ఆ పైన పెద్దవి. వయసు విషయంలో మనిషి నోటినైనా అనుమానించాలి గానీ ఎద్దు నోటిని అనుమానించక్కర్లేదని మా తాత నమ్మకం.

నిజానికి ఆయన మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. ఇంటికి వచ్చిన పిల్లల్ని ఏ తరగతని అడిగేవాడు కాదు, "ఏదీ, నోరు తెరువు" అనేవాడు. మా పెద్దక్కకు సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకుని బావిదాకా నడిచి రమ్మన్నాడు. అతను పాపం ఏదో ఆచారం అనుకుని నడిచి వచ్చాడు. తాత ఆ నడకను తలపాగా కింది నుంచి చూసి, "కుడికాలు కొంచెం ఈడుస్తన్నాడు గానీ, మనిషి బరువు మోస్తాడు" అని ఒప్పుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ పందేల్లో గీత దగ్గర నిలబడే పెద్దమనిషి ఆయనే. ఒకసారి సొంత ఎడ్లే గీతకు బెత్తెడు ముందు నిలబడ్డాయని, అప్పటికే సగం లాగిన బండను ఆపించి, మొదటినుంచీ లాగించాడు. ఆ ఏడు ఓడిపోయాం. ఆ ఓటమి గురించి ఆయన చెప్పుకున్నంత గొప్పగా ఏ గెలుపు గురించీ చెప్పుకోలేదు.

మా వీధికంతా మొదట టీవీ వచ్చింది మా ఇంటికే. నలుపు తెలుపుది, చెక్క తలుపులున్న పెట్టెలో ఉండేది. తాళంచెవి తాత మొలతాడుకు వేలాడేది. టీవీని ఇంట్లోకి తిప్పి కాదు, బయటికి, పశువుల కొట్టం వైపుకి తిప్పి పెట్టించాడు తాత. ఆయన మంచం వసారాకూ కొట్టానికీ మధ్య ఉండేది. ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఎడ్ల మీద. అందువల్ల వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు అన్నీ మాతో పాటు ఎడ్లు కూడా చూసేవి. వాటికి నచ్చనివి మాకూ నచ్చేవి కావు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆసియా దేశాలన్నీ కలిసే పెద్ద పోటీలు వచ్చాయి. అవి మన వైపే జరగడంతో మనకు పగలే వాళ్ళకూ పగలు. పత్తికి మందు కొట్టే రోజులు. మగవాళ్ళు మందు వాసనతో పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వసారాలో నాపరాళ్ళ మీద చతికిలబడేవాళ్ళు. ముందు వరసలో మస్తాన్ బాబాయ్ ఉండేవాడు. మాకు రెండిళ్ళ అవతల ఉండేవాడు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఏంటెనా తిప్పడం ఆయన పని, వ్యాఖ్యానం అర్థం చెప్పడం కూడా ఆయన పనే. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు కనక హిందీ వచ్చినట్టే అని అందరం ఒప్పుకున్నాం. వ్యాఖ్యాత రెండు ముక్కలు చెబితే మస్తాన్ బాబాయ్ పది ముక్కలు చెప్పేవాడు. మిగతా ఎనిమిదీ ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఎందుకంటే అవే బాగుండేవి. పరుగు పందెంలో ఓడిన ఒకతనికి ఆ ఉదయమే పెళ్ళి తప్పిపోయిందని చెప్పాడు. వసారా అంతా అయ్యో అంది.

పరుగుల దాకా మా తాతకు ఇబ్బంది లేదు. వాళ్ళు గీత దగ్గరికి నడిచి వచ్చేటప్పుడే చూసి, "ఆ మూడోవాడు. పిక్క చూడండ్రా, పిక్క. నడుం నిలబడ్డది" అనేవాడు. చాలాసార్లు అతనే గెలిచేవాడు. గెలవనప్పుడు మేత సరిగా పెట్టలేదని యజమానిని తిట్టేవాడు. ఆ పరుగెత్తేవాళ్ళ యజమాని ఎవరో మాకు తెలీదు గానీ, ఉన్నాడన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు.

చిక్కల్లా జిమ్నాస్టిక్స్‌తో వచ్చింది. సన్నటి దూలం మీద చిన్న చిన్న ఆడపిల్లలు గెంతుతుంటే వసారా మొత్తం ఊపిరి బిగబట్టింది. మా మేనత్త నాగమ్మ ఉలవల కాగు దగ్గర గరిటె వదిలేసి వచ్చి నిలబడింది. అత్త కాపురం పక్క వీధిలోనే. కాపురం అక్కడ, పొయ్యి మాత్రం మా ఇంట్లో. "చేతులకు ముగ్గుపిండి పూసుకున్నారు చూడు, ఎంత శుభ్రంగా దులుపుకుంటన్నారో" అని మురిసిపోయింది. తాత మాత్రం మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఒరేయ్ మస్తానూ, ఆ పిల్ల వయసెంతంట?"

"పద్దెనిమిది అంటన్నాడు పెదనాయనా."

"ఎవడా అన్నది? పాలపళ్ళు గూడా రాలుండవు దానికి. పాలపళ్ళ పిల్లని తీసుకొచ్చి పెద్దవాటిల్లో కలిపారేందిరా? ఎవడు చూశాడు పళ్ళు?"

వ్యాఖ్యాత పళ్ళ విషయం ఏమీ చెప్పడం లేదని మస్తాన్ బాబాయ్ వినయంగా మనవి చేశాడు. ఆ పిల్లలేమో మూతి బిగించుకుని గెంతేవాళ్ళు, నవ్వేవాళ్ళు కాదు. అంతా అయ్యాక, రెండు చేతులూ పైకెత్తి ఒక్క క్షణం నవ్వేవాళ్ళు. ఆ క్షణం కోసం తాత మంచం దిగి, చుట్ట పక్కన పెట్టి, టీవీకి బెత్తెడు దూరంలో మొహం పెట్టి కూర్చునేవాడు. నవ్వు వచ్చేది, పోయేది. "చూశారా, చూశారా? పాలపళ్ళే" అని వెనక్కి తిరిగి అందరి వంకా చూసేవాడు. అంత పెద్ద తల అడ్డం ఉంటే మేమేం చూస్తాం. అయినా తలలూపేవాళ్ళం.

మార్కులు మరీ కష్టపెట్టాయి ఆయన్ని. టేపు లేకుండా, గడియారం లేకుండా, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు తొమ్మిది మీద ఇంత అని వేస్తే అదేం న్యాయమని రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజుకు కిటుకు పట్టుకున్నాడు. పల్టీలు చూడడం మానేసి, పాదాలు చూడడం మొదలుపెట్టాడు. దూకినప్పుడు పాదం అంటుకుపోతే మంచి మార్కు, కదిలితే కోత. అంతే, ఆ తర్వాత ఆయన్ని పట్టలేకపోయాం. "కాలు కదిలింది, కొయ్యండి" అని టీవీకి ముందే తీర్పు చెప్పేవాడు. వాళ్ళు కోయకపోతే దొంగసచ్చినోళ్ళు అనేవాడు. మొత్తం ఊళ్ళో జిమ్నాస్టిక్స్‌ మీద నిఘా పెట్టిన ఏకైక మనిషి మా తాత.

ఒకరోజు నాలుగొందల మీటర్ల పరుగు వచ్చింది. చుట్టూ ఒక్క చుట్టు. అందరూ ఒకే వరసలో కాకుండా, లోపలివాడు వెనక, బయటివాడు బాగా ముందు నిలబడి ఉన్నారు. ఇప్పుడు చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు, వంపులో బయటి గీత పొడుగు గనక వాళ్ళను ముందు నిలబెట్టి లెక్క సరిచేస్తారని. అప్పుడు వసారాలో ఉన్న ఒక్కరికీ అది తట్టలేదు. ఎందుకంటే బండ పందెం తిన్నగా సాగుతుంది, అందరిదీ ఒకటే గీత. నాగమ్మత్త ఆ సమయానికి పెరట్లో ఉంది. తాత ఎర్రబడ్డ మొహంతో లేచి, "ఆ చివరోడు ఎవడి అల్లుడ్రా?" అని అడిగాడు. మస్తాన్ బాబాయ్ కాసేపు విన్నట్టు నటించి, మంత్రిగారి అల్లుడని చెప్పాడు. ఆ మంత్రిగారి అల్లుడు నాలుగోవాడిగా వచ్చినప్పుడు మా వసారాలో పడిన చప్పట్లు గెలిచినవాడికి కూడా పడి ఉండవు.

ఆ వారంలోనే మా డ్రిల్లు మాస్టారు ఇంటికి వచ్చారు. నేను కాలవ కట్ట మీద పరుగెత్తుతుంటే చూసి, జిల్లా స్కూళ్ళ పోటీలకు గుంటూరు తీసుకెళ్ళాలని ఆయన పట్టుదల. నాకు అంతకన్నా పట్టుదల. పుస్తకాల్లో నేను మామూలు. ఇంటిపనిలో మామూలు కన్నా తక్కువ. పరుగొక్కటే, దేవుడు నాకని విడిగా పెట్టినట్టు వచ్చింది. కట్ట మీద గాలి చెవుల్లో హోరుమంటుంటే నేను ఎవరి పిల్లనో కూడా మర్చిపోయేదాన్ని. గుంటూరులో మొదటి ఇద్దరిలో వస్తే రాష్ట్రం పోటీలకు పంపుతారని మాస్టారు చెప్పినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. కానీ మా ఇంట్లో గడప దాటాలంటే తాత మాట కావాలి. మా నాన్న కూడా ఆయన్ని అడక్కుండా సినిమాకు వెళ్ళేవాడు కాదు.

"మా పిల్లని పంపం" అన్నాడు తాత, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "గుంటూరేంది, నిక్కరేసుకుని పదిమందిలో పరుగెత్తేదేంది."

నేను తలుపు వెనక నిలబడి గొళ్ళెం పట్టుకుని ఉన్నాను. అక్కడికి నా బతుకు అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు నాగమ్మత్త పొయ్యి దగ్గర నుంచి గరిటెతో సహా వచ్చింది.

"నాయనా, ఆ దూలం మీద పిల్లల్ని వారం నుంచి చూస్తన్నావు. పళ్ళ మాటే గానీ బట్టల మాట ఒక్కనాడన్నా అన్నావా?"

"అది పోటీ."

"ఇదీ పోటీయేగా. దీనికి మోకాళ్ళ కిందికి కుడతాలే."

తాత చుట్ట నోట్లోంచి తీసి చూశాడు. అత్త ఆగలేదు. "పేరిచ్చాక జతని బరిలోకి దించకపోతే ఏమంటారు ఆ యజమానిని?"

"ఏమంటారు, పిరికోడంటారు."

"మరి దీని పేరు ఇచ్చేశారంట గదా, మాస్టారూ?"

మాస్టారు తెలివైనవారు. ఇచ్చేశానండీ అని వెంటనే అందుకున్నారు. తాత ఆయన్ని దగ్గరికి రమ్మని, కాస్త గొంతు తగ్గించి, మైకులో ఎట్టా చెబుతారని అడిగాడు. ఊరి పేరు చెప్పి, వీరయ్యగారి మనుమరాలు కోటేశ్వరి అని చెబుతారని మాస్టారు హామీ ఇచ్చారు. బండ పందేల్లో మైకు వాడు ఎద్దు పేరు చెప్పడు, యజమాని పేరే చెబుతాడు. తాత కాసేపు కొట్టం వైపు చూసి, "సరే, నేనూ వస్తా" అన్నాడు. నేను గొళ్ళెం వదిలి పెరట్లోకి పరుగెత్తి, నీళ్ళ తొట్టి చుట్టూ ఎన్ని చుట్లు తిరిగానో గుర్తులేదు.

ఆ రోజు నుంచి నన్ను ఎడ్ల పద్దులో కలిపారు. ఉలవల చారు మానిపించి ఉలవలే పెట్టడం మొదలుపెట్టాడు తాత. మా ఇంట్లో అది ఎంత పెద్ద పదోన్నతో మీకు అర్థం కావాలంటే అక్కడ పుట్టాలి. రోజూ గుడ్డు. సాయంత్రం నువ్వుల నూనెతో పిక్కలు తోమించమని అత్తకు ఆజ్ఞ. ఎవరూ నన్ను బాగుందని పొగడకూడదు, దిష్టి తగులుతుంది. కట్ట మీద నేను పరుగెత్తుతుంటే తాత మస్తాన్ బాబాయ్ సైకిల్ వెనక కూర్చుని పక్కనే వస్తూ, "తల దించు, మెడ బిగించమాక" అని అరిచేవాడు. ఎడ్లకు చెప్పే సలహాలే, కానీ కొన్ని నిజంగానే పనికొచ్చాయి.

గుంటూరు వెళ్ళడానికి తెల్లవారుజామున పిడుగురాళ్ళ వచ్చి బస్సు మారాం. తాత తలపాగా, కిర్రుచెప్పులు, చేతిలో నిమ్మకాయలు, ఉలవ గుగ్గిళ్ళ మూట. గ్రౌండులో అడుగు పెట్టగానే ఆయన చేసిన మొదటి పని నాతో పరుగెత్తబోయే పిల్లల్ని పరిశీలించడం. పొడుగ్గా ఉన్న ఒక పట్నం పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఏదమ్మా, ఒకసారి నవ్వు" అన్నాడు. ఆ పిల్ల మర్యాదస్తురాలు, నవ్వింది. తాత వెనక్కి వచ్చి, "ఫర్వాలేదు, ఇదీ రెండుపళ్ళదే" అని నాకు ధైర్యం చెప్పాడు. మాస్టారు మొహం కండువాతో తుడుచుకుని, గుండు విసిరే మగపిల్లల్ని తీసుకుని గ్రౌండు అవతలి వైపుకి వెళ్ళిపోయారు. పోతూ నాతో, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి పరుగెత్తమని మాత్రం చెప్పారు.

మైకులో మా పేర్లు రాలేదు, రొమ్ముకు కట్టిన నంబర్లే వచ్చాయి. తాతకు అక్కడే సగం మనసు విరిగింది. తర్వాత నాలుగొందల మీటర్ల పరుగుకు సున్నంతో గీసిన గీతల మీద మమ్మల్ని నిలబెట్టారు. నాకు చివరి గీత వచ్చింది. అందరికన్నా ముందు, చాలా ముందు, నా వెనక ఎవరున్నారో తల తిప్పితే గానీ కనపడనంత ముందు నన్ను నిలబెట్టారు. నేను అప్పటిదాకా తిన్నటి కాలవ కట్ట తప్ప వంపు ఎరగను. ఇదేదో మర్యాద కాబోలనుకున్నాను. తాత అలా అనుకోలేదు. జనానికి అడ్డం కట్టిన తాడు దాటి, తుపాకీ పట్టుకున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, అది మా పిల్లే. దాన్ని అంత ముందు నిలబెట్టారేంది?"

"అది అంతే పెద్దాయనా. మీరు పక్కకి రండి."

"ఎవరన్నా చెప్పారా మా గురించి?"

"ఎవరూ చెప్పలేదు. రూలు. ఎండ మండిపోతంది, జరగండి."

తాత జరిగాడు. తాడు బయటికి వచ్చి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నన్ను పిలిచాడు. "కోటమ్మా, ఎనక్కి రా. అందరితో సమానంగా నిలబడు. అట్టా గెలిస్తే మనకి పరువు కాదు."

నేను తుపాకీ ఆయన వంక చూశాను, తాత వంక చూశాను. పుట్టిన దగ్గర నుంచీ ఆ ఇద్దరిలో ఒకరి మాటే విన్నాను. నా గీతలోనే వెనక్కి నడుచుకుంటూ వచ్చి, అన్నిటికన్నా లోపలి గీతలో ఉన్న పిల్లకు సరిగ్గా సమానంగా నిలబడ్డాను. మిగతా పిల్లలు వింతగా చూశారు. పొడుగు పిల్ల మళ్ళీ నవ్వింది. తుపాకీ ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. గీత దాటి ముందు నిలబడితే తప్పు గానీ, వెనక నిలబడతానంటే వద్దనే రూలు ఆయనకు గుర్తు రాలేదనుకుంటాను. భుజాలు ఎగరేసి తుపాకీ పేల్చాడు.

అంతలా నేను మళ్ళీ ఎప్పుడూ పరుగెత్తలేదు. గాలి హోరు వచ్చింది, కాళ్ళు నావి కానట్టు తేలిపోయాయి, అయినా వంపు దగ్గర చూస్తే అందరూ నాకన్నా ముందే ఉన్నారు. ఇదేంది, ఇంత బలంగా పరుగెత్తుతుంటే వెనకబడిపోతున్నానేంది అని ఏడుపొచ్చింది. తాడు పక్కనే తాత, తలపాగా ఊడి మెడలో పడ్డా పట్టించుకోకుండా, ఎడ్లను అదిలించే కేకలన్నీ వేస్తూ నాతో సమానంగా పరుగెత్తాడు. ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాను. చివర్లో పొడుగు పిల్ల మొదట, ఇంకో పిల్ల రెండు, ఆ పిల్ల భుజానికి జానెడు వెనక నేను. మొదటి ఇద్దరే రాష్ట్రానికి. మూడోవాళ్ళకు చప్పట్లు.

తిరుగు బస్సులో తాత ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సత్తెనపల్లి వచ్చేలోపు బస్సులో ప్రతి ఒక్కరికీ కథ చెప్పాడు. అప్పనంగా ఇచ్చిన దూరాన్ని మా పిల్ల కాదని వెనక్కి వచ్చి పరుగెత్తిందని, ఓడినా న్యాయంగా ఓడామని. కండక్టర్ నాకు వేరుశనగలు ఇచ్చాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు ఓడిన బాధ ఒకటైతే, అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఓడిన ఎద్దును తాత మళ్ళీ బరిలోకి దించేవాడు కాదు. మరుసటి వారం నుంచి అరకకు కట్టేవాడు. సత్తెనపల్లి దాటాక నా తల మీద చెయ్యి వేసి, "చాల్లేమ్మా, ముచ్చట తీరింది. ఇక మీ అత్త దగ్గర పని నేర్చుకో" అన్నాడు ప్రేమగా. ఆయన ప్రేమగా అన్నందుకే నాకు మరీ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మళ్ళీ అదే కథ మొదలుపెట్టాడు. మస్తాన్ బాబాయ్ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుని ఆహా అంటున్నాడు. నాగమ్మత్త వడ్డిస్తూ వింటోంది. బయటి గీత, ముందు నిలబెట్టడం అన్న మాట రాగానే గరిటె ఆగింది.

"చుట్టూ తిరిగే పందెమేనా నాయనా అది?"

"ఆఁ, గుండ్రంగానే."

"మనం కళ్ళంలో బంతి తోలేప్పుడు, గుంజ పక్కన ఏ గొడ్డుని కడతాం?"

"ముసలిదాన్ని."

"చివర?"

"చివర మంచి గొడ్డుని కట్టాలి. లేకపోతే అంత తిరగలేక పడి..."

ధాన్యం తొక్కించడానికి ఎడ్లను వరసగా కట్టి గుంజ చుట్టూ తిప్పే మనిషి, పుట్టినప్పటి నుంచీ ఆ పని చేసిన మనిషి, కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని చాలాసేపు గోడ వంక చూశాడు. మస్తాన్ బాబాయ్ ఏంటెనా సరిచేయాలని గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయాడు. తాత ముద్దను కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు టీవీ తాళం తీయలేదు.

ఇంతవరకూ విన్న హారికకు కోపం వచ్చేసింది. "నిన్ను నిలువునా ముంచాడు కదత్తా. సారీ అన్నా చెప్పాడా?" అంది. నాకు నవ్వొచ్చింది. దాని ఫోనులో సారీకి ఒక బొమ్మ ఉంది, చేతులు జోడించిన బొమ్మ, రోజుకు పదిసార్లు పంపుతుంది. బ్రెజిల్‌ వాడు తప్పయినా ఇది ఒప్పయినా, ఆ దూలం మీద పిల్లకు ఒక్క పాయింటు పెరగదు, తగ్గదు. ఎవరికీ ఏమీ కాదు. అందుకే అంత హాయిగా పోట్లాడుకుంటారు, అది మంచిదే. చూడ్డానికి ఇప్పుడు అన్నీ ఉన్నాయి. రంగులు, నెమ్మదిగా తిప్పి చూపించే బొమ్మలు, మడమ ఎంత కదిలిందో కొలిచి చెప్పే గీతలు. మా తాతకు వాటిలో సగం ఉన్నా నేను రాష్ట్రానికి వెళ్ళేదాన్నేమో. కానీ ఆయన అభిమానం వసారాలో ఆగేది కాదు, తాడు దాటి వచ్చేది. పాడుచేస్తే నిజంగా పాడుచేసేది. ఆ తర్వాత, పాడుచేసిన మనిషి మర్నాడు పొద్దున అదే ఇంట్లో నిద్ర లేవాలి, అదే పిల్ల మొహం చూడాలి. దానికి బొమ్మ లేదు.

మర్నాడు నేను లేచేసరికి తాత మంచం ఖాళీగా ఉంది. ఉలవలు ఉడికినా ఎడ్లకు పెట్టలేదు. అత్త నన్ను పిలిచి, టీ గ్లాసు చేతికిచ్చి, కళ్ళంలో ఉన్నాడు ఇచ్చి రమ్మంది. వెళ్ళేసరికి తాత గుంజకు తాడు కట్టి, దాన్ని కుదించి పట్టుకుని లోపలి చుట్టు నడుస్తున్నాడు, అడుగులు పైకి లెక్కపెడుతూ. అది అయ్యాక తాడు వదులు చేసి బయటి చుట్టు నడిచాడు. మొదటి లెక్క దగ్గరికి వచ్చేసరికి ఇంకా బోలెడు చుట్టు మిగిలి ఉంది. అక్కడే ఆగి, మిగిలిన దూరాన్ని చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ మొదటినుంచీ నడిచాడు. నేను గడ్డివాము పక్కన నిలబడిపోయాను. టీ చల్లారిపోయింది. ఆయన్ని అంత ఒంటరిగా నేను ఎప్పుడూ చూడలేదు. నా ఏడుపు అంతా ఎక్కడికి పోయిందో పోయింది, పరుగెత్తుకెళ్ళి ఆ తాడు లాగి పారేయాలనిపించింది.

నన్ను చూసి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చల్లటి టీ తాగేశాడు.

"నువ్వే గెలిచావమ్మా" అన్నాడు.

ఖాళీ గ్లాసు తీసుకుని చేతిలో తిప్పుతూ నిలబడ్డాను.

"ఆ మాస్టారికి చెప్పు, వచ్చే ఏడు కూడా పేరు ఇయ్యమను. ఆపై ఏడు కూడా ఇయ్యమను. మీ అత్త వచ్చుద్ది నీకు తోడు."

"నువ్వు రావా తాతా?"

తాత తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని, దాన్ని మళ్ళీ కట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనెందుకులేమ్మా. నేనొస్తే మళ్ళీ ఏదో ఒక న్యాయం చేస్తాను."